పువ్వంత బరువు

సర్వమంగళ మేడమ్ చీర కుచ్చిళ్లు ఎత్తి నడుములో దోపుకుని పరుగుబాట మీదికి దిగేసరికి నూకరత్నానికి నవ్వు ఆగలేదు. మేడమ్‌కు యాభై దాటాయి. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండవాలులో, మనిషి శరీరం ఎలా పరిగెత్తుతుందో పరిశోధించే చిన్న ప్రయోగశాల ఒకటుంది. దానికి ఆవిడే పెద్ద. అంతటి మనిషి చెప్పులు విడిచి, కళ్లజోడు తీసి రత్నం చేతిలో పెట్టి, వెనక కుక్క తరుముతున్నట్టు పరిగెత్తింది. ఆ చివరి దాకా వెళ్లి ఆయాసపడుతూ తిరిగొచ్చి, “ఇప్పుడు నువ్వు,” అంది.

రత్నం పరిగెత్తింది. జాలరిపల్లె పాతరేవులో పుట్టిన ఈ ఇరవై నాలుగేళ్ల పిల్లే రాష్ట్రంలోని ఆడవాళ్లలో వంద మీటర్లు అందరికంటే వేగంగా పరిగెత్తేది. కళ్లజోడు తీసిన ఓ పెద్దావిడతో తనను పోల్చడమేమిటని లోపల కాస్త చిన్నతనంగానే అనిపించింది.

మేడమ్ తెర మీద రెండు పరుగులనూ పక్కపక్కన పెట్టి, బాగా నెమ్మది చేసి చూపించింది. నేల వదిలిన కాలు వెనక నుంచి ముందుకొచ్చి మళ్లీ నేలను తాకాలి. దానికి మేడమ్ కాలికి ఎంతసేపు పట్టిందో రత్నం కాలికీ ఇంచుమించు అంతే పట్టింది.

“మీ యంత్రం చెడిపోయినట్టుంది మేడమ్,” అంది రత్నం.

“చెడలేదు. గాల్లో నా కాలూ నీ కాలూ ఒకటే. తేడా అంతా ఇక్కడుంది,” అంటూ మేడమ్ మడమతో నేలను తట్టింది. అక్కడ బాట కింద ఒక ఉక్కు పలక పరిచి ఉంది. దాని మీద అడుగు పడితే ఎంత బలంగా పడిందో చెబుతుంది. “పాదం నేల మీద ఉండేది రెప్పపాటు కూడా కాదు. ఆ కాస్తలో నువ్వు నేలను ఎంత గట్టిగా తొక్కితే నేల నిన్ను అంత గట్టిగా తిరిగి విసురుతుంది. నేను నా బరువుకు రెండింతలు తొక్కాను. నువ్వు నాలుగింతలు తొక్కావు. వేగమంటే అదే, ఇంకేం లేదు.”

రత్నం ఆ పలక వైపు చాలాసేపు చూసింది. ఇన్నేళ్లూ పరుగంటే కాళ్లు ఆడించడమనుకుంది. కాళ్లు అందరూ ఒకేలా ఆడిస్తారట, విసిరేది నేలట. ఆ మాటకు ఆమె ఒళ్లు గగుర్పొడిచింది.

అసలు ఆమె ఇక్కడికి వచ్చిన కారణం వేరు. రెండేళ్లుగా ఆమె వేగం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. తిండి మార్చింది, బూట్లు మార్చింది, కోచ్‌ను మార్చింది. పరుగుకు పట్టే సమయం రెప్పపాటు కూడా తగ్గలేదు. చివరి కోచ్ మంచివాడే, భుజం తట్టి, “ఇంక ఇంతేనమ్మా, ఎవరికైనా ఒక హద్దుంటుంది,” అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది. పతకాల మీద ఆశ లేదని కాదు, ఉంది. కానీ దానికంటే పెద్ద ఆరాటం ఒకటి పట్టుకుంది. ఇంతేనా నేను? ఎవరూ సమాధానం చెప్పలేని ఆ ప్రశ్నను పట్టుకుని ఈ కొండెక్కింది.

మేడమ్ ఆమెను ఆ పలక మీద ఒంటికాలితో కుంటించింది. లెక్క చూస్తే, పరుగులో తొక్కినదానికంటే కుంటినప్పుడు తొక్కిందే ఎక్కువ.

“చూశావా? నీ కాలిలో ఇంకా ఉంది. నీ ఒళ్లే నీకు ఇవ్వడం లేదు,” అంది మేడమ్. “కండను ఎముకకు కట్టే తాళ్లలో ఒక కాపలాదారు ఉంటాడు. బలం మరీ ఎక్కువైతే వెన్నుపాముకు కబురు పంపుతాడు, చాలు, వదిలెయ్ అని. తలుపు సగమే తెరవనిస్తాడు. పూర్తిగా తెరిస్తే ఏదో ఒకటి తెగుతుందని వాడి భయం.”

“వాడికి అంత భయమెందుకు?”

“వాడి ఉద్యోగమే అది,” అంది మేడమ్.

ఏడేళ్లు కష్టపడి ఆవిడ తయారుచేసింది అరచేతిలో పట్టే ఒక మెత్తటి పట్టీ. వెన్ను కింద అంటిస్తే, పాదం నేలను తాకబోయే ముందు ఆ కాపలాదారు కబురు వెన్నుపాముకు చేరకుండా ఒక్క క్షణం అడ్డుకుంటుంది. అయితే తనంతట తాను పనిచేయదు, మనిషి పిలవాలి. “బరువెత్తేటప్పుడు ఎవరైనా లోలోపల ఏదో ఒకటి అనుకుంటారు. నువ్వూ ఒక మాట అనుకో, పైకి అనక్కర్లేదు. ఆ మాటకు నీ కండల్లో పుట్టే చిన్న కదలికను పట్టీ గుర్తుపడుతుంది,” అని చెప్పి, మేడమ్ తన తీగల్లో మునిగిపోయింది.

ఏం మాటని ఆవిడ అడగలేదు. రత్నమూ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయమని తట్టలేదు కూడా. ఆమె అనుకున్న మాట హైలెస్సా.

పాతరేవులో పుట్టిన ఎవరినడిగినా అదే మాట అనుకునేవారు. అక్కడ పడవను ఒడ్డెక్కించాలంటే అడుగున కర్రలు దూర్చి, తాళ్లతో బిగించి, ఒక్కో కర్రకు ఇద్దరేసి కొసల కింద భుజాలు పెట్టి లేపుతారు. ఒకరు పిలుపు పాడతారు, అందరూ హైలెస్సా అని జవాబిస్తారు. లేపడం ఆ జవాబు మీదే. కర్రకు అవతలి కొస పట్టేవాణ్ణి జోడీ అంటారు. ఎత్తూ బలమూ సరిపోయేవాళ్లనే జోడీ కడతారు. ఒకరు ముందు లేచినా, ఎక్కువ లేచినా, కర్ర వాలి బరువంతా రెండోవాడి మీదికి జారుతుంది. రత్నం అన్న హార్బరులో పెద్ద బోట్ల మీద పనికి పోయాక, తండ్రి పోలయ్యకు జోడీ లేకుండా పోయాడు. పదహారేళ్ల పిల్ల వచ్చి కర్ర కింద భుజం పెట్టింది. ఆడపిల్లేమిటి, పడవేమిటి అని కొందరు సణిగారు. “ఎత్తు కుదిరినాది, మీకేటి?” అన్నాడు పోలయ్య. అంతే, ఆ మాట అక్కడితో ఆగింది.

ఇంకో ఆచారముంది ఆ రేవులో. పడవ లేచాక పిలుపు పాడేవాడు, “బరువేటి?” అని అడుగుతాడు. అందరూ “పువ్వు” అనాలి. భుజం చీలిపోతున్నా సరే, పువ్వు అనే అనాలి. బరువని ఒప్పుకుంటే గంగమ్మ చిన్నబుచ్చుకుంటుందట. ఎనిమిదేళ్లలో రత్నం ఎన్నిసార్లు ఆ అబద్ధం ఆడిందో లెక్కలేదు.

పట్టీతో మొదటిరోజు మూడే మూడు అడుగులు తెరవమంది మేడమ్. రత్నం మామూలుగానే మొదలుపెట్టింది, వేగం అందుకుంది, లోపల హైలెస్సా అనుకుంది.

ఆ మూడు అడుగుల్లో ఏం జరిగిందో తర్వాత ఎంత అడిగినా ఆమె సరిగా చెప్పలేకపోయింది. నేల గట్టిదనం పోయింది. కాలు వేసిన చోట నేల తనే లేచి వచ్చి పాదాన్ని అందుకుని ముందుకు పంపింది. తన బరువు తనకు తెలియలేదు. ఇంతకాలం తన ఒంట్లో ఇంకెవరో కాపురముంటే తను వీధి అరుగు మీద పడుకుందనీ, ఇప్పుడే తలుపు తీసి లోపల ఎన్ని గదులున్నాయో చూసిందనీ అనిపించింది. నాలుగో అడుగుకు తలుపు మూసుకుంది. మళ్లీ మామూలు కాళ్లు, మామూలు నేల. ఆమె బాట పక్కన కూర్చుని ఏడ్చింది. దుఃఖం లేదు, నొప్పి లేదు. అంత పెద్దదాన్ని చూసినప్పుడు మనిషికి ఏడుపే వస్తుంది కాబోలు.

మేడమ్ లెక్క చూసింది. ఆరింతలు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుని మళ్లీ చూసింది.

వర్షాకాలమంతా అలా గడిచింది. మూడు అడుగులు ఐదయ్యాయి, ఐదు పదయ్యాయి. పదికి మించి మేడమ్ ఒప్పుకోలేదు. ఎముకలూ స్నాయువులూ గట్టిపడాలని రోజూ వేరే కసరత్తులు చేయించేది. పోటీల్లో పట్టీకి అనుమతి ఉండదు. మేడమ్ ఆలోచన అది కాదు. పట్టీ దారి చూపిస్తుంది, దారి తెలిశాక ఒళ్లు తనంతట తనే నడుస్తుంది, ఆ తర్వాత పట్టీ అవసరం లేదు. అలా జరుగుతుందని ఆవిడ నమ్మింది కానీ ఇంత త్వరగా జరుగుతుందనుకోలేదు.

ఒక ఉదయం రత్నం పది అడుగులూ ఎప్పట్లా ఎగిరి వచ్చింది. మేడమ్ పట్టీ విప్పి చూస్తే బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంది. ఆవిడ పట్టీని చేతిలో తిప్పి తిప్పి చూసి, చీర పాడవుతుందన్న ధ్యాస కూడా లేకుండా తడిబాట మీదే కూలబడింది.

“ఇవాళ నువ్వొక్కదానివే పరిగెత్తావు,” అంది మెల్లగా. “పట్టీ పనిచేయలేదు. అంతా నువ్వే.”

ఆసియా పోటీల ఎంపికకు ఇంకా చాలా వ్యవధి ఉంది. ఆ సంతోషంలో మేడమ్ ఆమెకు వారం రోజులు సెలవిచ్చింది. ఆ తప్పు తలుచుకుని ఆవిడ తర్వాత ఎన్నోసార్లు తల కొట్టుకుంది గానీ, ఆ రోజు మాత్రం అది న్యాయమైన సెలవే.

పాతరేవులో బస్సు దిగేసరికి తల్లి దేముడమ్మ చేపలు ఎండబెడుతోంది. పోలయ్య కూతుర్ని ఎగాదిగా చూశాడు. “ఏటే రత్నాలూ, అలా సిక్కిపోనావేటి? ఆ మేడమ్మ కూడెట్టట్లేదేటి?” అన్నాడు. వదిన మహలక్ష్మి కూతురు, నాలుగేళ్ల బుజ్జి, అత్త వేలు పట్టుకుంటే వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే అల పెద్దదయింది. ఒడ్డున కట్టిన పడవలు పైకి చేర్చాలన్నారు. పడవ లేస్తుంటే పాతరేవు మనిషి చేతులు కట్టుకు నిలబడటం అన్నది లేదు. రత్నం చెప్పులు విడిచి తన చోటికి వెళ్లింది. పడవ ముక్కు కింద మొదటి కర్ర, ఒక కొస అయ్యది, రెండో కొస ఆమెది. ఆమెకు హాయిగా అనిపించింది. తడి కర్ర వాసన, భుజం మీద పాత చోటులో పాత ఒరిపిడి, పక్కన అయ్య గొంతు సవరించుకోవడం.

“తల్లి గంగమ్మా,” అని పిలిచాడు పోలయ్య.

“హైలెస్సా,” అన్నారందరూ. రత్నమూ అంది.

తలుపు తెరుచుకుంది.

ఆమె లేవాలనుకున్నంతే లేచింది, ఎప్పటిలాగే. కానీ ఒళ్లు ఆమెను అడగలేదు. కర్ర ఆమె వైపు నుంచి గాల్లోకి పోయింది. పడవ ముక్కు లేచి పక్కకు ఒరిగింది. తాడు కర్ర మీద జరజరా జారి అవతలి కొసకు చేరింది. ఆ క్షణంలో ఆమెకు తెలిసింది ఒక్కటే, భుజం మీద ఏ బరువూ లేదు. నిజంగానే పువ్వులా ఉంది. ఎనిమిదేళ్లుగా ఆడిన అబద్ధం ఒక్కసారిగా నిజమైంది. అవతల ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు వినిపించాక గానీ ఆమెకు అర్థం కాలేదు.

పోలయ్యకు మెడ కింది ఎముక విరిగింది, భుజం కీలు జారింది. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని, కుడిచెయ్యి గుండెకు బిగించుకుని, చూడవచ్చిన ప్రతివాడికీ ఆయన చెప్పింది మాత్రం వేరే. “మా గుంట రత్నాలు పడవ ముక్కుని ఒక్కర్తీ లేపీసినాది. నా కళ్లతో సూసినాను. మీ గుంటలు ఏటి లేపినారు సెప్పండి?” నొప్పికి మధ్యలో మొహం వంకర పోయేది, ఆగి మళ్లీ చెప్పేవాడు. ఆయనకు కోపం రాలేదు. అంతా ఒట్టి ఆశ్చర్యమే.

రత్నం మాత్రం సిగ్గుతో చితికిపోయింది. అంతకంటే ఘోరం మూడోరోజు జరిగింది. బుజ్జి చెయ్యి పట్టుకుని ఇసుకలో నడుస్తోంది. కాస్త దూరంలో పిల్లలు కొబ్బరిమట్టకు తాడు కట్టి, అదే పడవనుకుని లాగుతూ హైలెస్సా అని అరిచారు. రత్నం చెయ్యి బిగుసుకోబోయింది. ఎలా తెలిసిందో ఏమో, అంతకు వెంట్రుకవాసి ముందు వేళ్లు విప్పేసి బుజ్జిని తోసేసింది. పిల్ల ఇసుకలో పడి గుక్కపట్టి ఏడ్చింది. రత్నం తన ఖాళీ పిడికిలి చూసుకుంది. గోళ్లు అరచేతిలో దిగి నెత్తురు వస్తోంది. ఆ పిడికిలిలో అంతకుముందు ఉన్నవి బుజ్జి వేళ్లు.

ఆ సంగతి రేవంతా పాకింది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. కానీ ఆమె ఒడ్డుకు వస్తే పాట ఆగిపోయేది. పడవలు మోసేవాళ్లు పళ్లు బిగించి మాట లేకుండా మోసేవారు, లేదా ఆమె వెళ్లేదాకా బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవారు. వదిన బుజ్జిని చంకనేసుకుని, మాట మర్యాదగానే, “పాప నిద్దరకొచ్చినాది వొదినా,” అని లోపలికి పోయేది. పాట లేని సముద్రపు ఒడ్డు రత్నం పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ చూడలేదు. ఇంక అక్కడ ఉండలేక కొండకు తిరిగి వచ్చేసింది.

మేడమ్ అంతా విని అడిగిన మొదటి ప్రశ్న, “ఏ మాట అనుకున్నావు నువ్వు?”

“హైలెస్సా.”

మేడమ్ పట్టీని తీసి బల్ల మీద పెట్టింది. “అడగాల్సింది. ఇన్నేళ్లు చదివాను, అదొక్కటీ అడగలేదు,” అంది. మర్నాడే రత్నాన్ని వెంటబెట్టుకుని, రెండు ఉక్కు పలకలు ఆటోలో వేసుకుని పాతరేవుకు బయల్దేరింది.

రత్నం దగ్గరుంటే ఎవరూ పాడరు. అందుకని ఆమె రేవుకు దూరంగా ఉన్న ఐసు గిడ్డంగిలో, తలుపులు మూసుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి మేడమ్ చెమటతో తడిసి, పాదాల నిండా ఇసుకతో వచ్చి ఆమె పక్కన కూలబడి ల్యాప్‌టాప్ తెరిచింది. పలకల మీద నిలబెట్టి ఒక్కొక్కరితో బరువెత్తించిందట, ఒకసారి పాట లేకుండా, ఒకసారి పాటతో.

“ఇటు చూడు. ఇది మీ చినబాబు మామ. పాట లేకుండా ఇంత. హైలెస్సా అన్నప్పుడు ఇదిగో, ఇంతకు లేచింది. అందరికీ అంతే రత్నం, ఒక్కరు కూడా మినహాయింపు లేదు. నేను ఏడేళ్లు తంటాలు పడి తెరిచిన తలుపును మీవాళ్లు ఎన్ని తరాల నుంచి తెరుస్తున్నారో నాకు తెలియదు. ఓరగా, సందు మాత్రం తెరుస్తున్నారు. అందుకే అంత పడవ లేస్తోంది.” మేడమ్ తెర మీది గీతను వేలితో చూపించింది. “అది కాదు అసలు సంగతి. ఇది చూడు, పిలుపు పాడినప్పుడు.”

గీత పైకి లేచిన చోటు నుంచి దిగివస్తోంది. పిలుపు మొదలవగానే దిగుతోంది. మామూలు స్థాయికి దిగి, ఇంకాస్త కిందికి కూడా పోతోంది.

“జవాబు తలుపు తీస్తుంది, పిలుపు మూస్తుంది. ప్రతిసారీ ఒకటి తర్వాత ఒకటి. కాపలాదారు పక్కకు తప్పుకుంటున్నాడు, మళ్లీ వచ్చి నిలబడుతున్నాడు. పాటలో రెండూ ఉన్నాయి. నువ్వు నా దగ్గరికి సగమే తెచ్చావు. నేను ఆ సగాన్నే పట్టీతో నీ వెన్నులో నాటాను.”

గిడ్డంగి చల్లదనంలో ఇద్దరూ ఆ గీతనే చూస్తూ కూర్చున్నారు. రత్నానికి చిన్నప్పటి నుంచి విన్న పాట అది. అందులో అంత పని జరుగుతోందని ఎప్పుడూ అనుకోలేదు. మోసేవాళ్ల భుజాలు గుర్తొచ్చాయి. రాయిలా కాయలు కట్టిన భుజాలు, కానీ ఎవరిదీ విరగలేదు, తన తండ్రిది తప్ప.

కొండ మీదికి వచ్చాక మేడమ్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రెండు దారులున్నాయి. మొదటిది, మళ్లీ మొదటినుంచి పాట నేర్చుకోవడం. అయ్య పిలుపు పాడుతుంటే తలుపు మూసుకోవడాన్ని ఒంటికి అలవాటు చేయాలి. నెలలు పడుతుంది. అది కుదిరాక తలుపు అందరికీ తెరుచుకున్నంతే, ఓరగా తెరుచుకుంటుంది. పూర్తిగా ఇంకెప్పుడూ తెరుచుకోదు.

“రెండోది?”

“ఇవాళే, ఈ బాట మీదే, వంద మీటర్లూ తలుపు తెరిచి పరిగెత్తడం. నీ ఎముకలు ఆగుతాయో లేదో నాకు తెలియదు. ఆగితే, మనుషుల్లో ఎవరూ ఎన్నడూ పరిగెత్తనంత వేగం చూస్తాం. నీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కానీ తెరిచిన కొద్దీ తలుపు వదులవుతోంది. అంతసేపు తెరిస్తే ఇంక ఎవరి పిలుపుకూ మూసుకోదు.”

రత్నం బాట మీదికి నడిచింది. పరుగు మొదలయ్యే గీత దగ్గర వంగి, వేళ్లు నేల మీద ఆనించింది. ఎదురుగా బాట ఎర్రగా, తిన్నగా, ఖాళీగా ఉంది. ఒక్క మాట అనుకుంటే చాలు. మూడు అడుగుల్లో చూసింది ఆమెకు గుర్తుంది, ఒంట్లో ఆ గదులన్నీ. ఇంతేనా నేనని రెండేళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు అదిగో, ఆ చివర ఉంది. ఆశ కాళ్ల నిండా నిండిపోయింది. ఆ ఆశ అబద్ధం కాదు, చిన్నదీ కాదు.

“మీరు చూడాలనుకుంటున్నారా మేడమ్?” అంది తలెత్తకుండా.

“అనుకుంటున్నాను,” అంది మేడమ్. “ఏడేళ్లుగా దానికోసమే బతికాను. అందుకే నా మాట వినొద్దు.”

రత్నం అలాగే వంగి ఉంది. నేల మీద ఆన్చిన వేళ్లను చూసుకుంది. అరచేతిలో గోళ్లు దిగిన మచ్చలు ఇంకా మానలేదు. ఈ చెయ్యి మళ్లీ ఎవరైనా నమ్మి పట్టుకుంటారా అన్న ఆలోచన వచ్చింది. ఆ ప్రశ్న ముందు పాత ప్రశ్న చిన్నదైపోలేదు. అదీ అంతే ఉంది. కానీ రెండింటిలో ఒకదానికే ఆమె జవాబు లేకుండా బతకగలదు. ఆమె లేచి నిలబడి, మోకాళ్లకు అంటిన ధూళి దులుపుకుంది. మేడమే దగ్గరికొచ్చి ఆమెను గట్టిగా పట్టుకుంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఏడ్చారో చెప్పడం కష్టం.

ఆ తర్వాత పాఠాలు పాతరేవులోనే జరిగాయి. పోలయ్య చెయ్యి గుండెకు కట్టుకుని వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని పిలుపు పాడేవాడు. పక్కన మేడమ్ తెరపెట్టుకుని కూర్చునేది. రత్నం చేతిలో మొదట గట్టి రబ్బరు బంతి, తర్వాత టమాటా, ఆ తర్వాత కోడిగుడ్డు. మొదటి నెలలో పగిలిన గుడ్లకు రేవులో కుక్కలన్నీ బలిశాయి. “నా కూతురు పుణ్యమా అని కుక్కలకి పెళ్లి బోజనం,” అనేవాడు పోలయ్య. హైలెస్సా అన్నప్పుడు లోపల తలుపు కదలడం ఆమెకు తెలిసేది. అయ్య గొంతు వెంటనే వచ్చి దాన్ని మెల్లగా మూసేది. ఆ గొంతులో ఇంత పని ఉందని తెలిశాక ఆమె ఆ పాట విన్నప్పుడల్లా చిన్నపిల్లలా నోరు తెరుచుకుని వినేది.

ఎంపిక పోటీలు ఆమె లేకుండానే జరిగిపోయాయి. టీవీలో చూసింది. గెలిచిన అమ్మాయి వేగం ఆమె పాత వేగం కంటే తక్కువే. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. తను ఎంతో, ఎక్కడిదాకానో, ఇంకెప్పటికీ తెలియదు. ఆ బాధ ఆమెకు పోలేదు, పోతుందని ఎవరూ చెప్పనూలేదు.

పోలయ్య చేతికట్టు విప్పిన మరుసటి వారం, ఎండ ఎక్కే వేళకు ఆయన ఆమెను కేకేసి పిలిచాడు. ఒడ్డున అదే పడవ ఉంది. ఆరుగురు తమ తమ చోట్లలో నిలబడి ఉన్నారు. మొదటి కర్ర రెండు కొసలూ ఖాళీగా ఉన్నాయి. రేవులో ఆడా మగా అందరూ వచ్చి, కాస్త ఎడంగా నిలబడ్డారు. మహలక్ష్మి బుజ్జిని గట్టిగా ఎత్తుకుని ఉంది.

“వొద్దయ్యా,” అంది రత్నం. “ఇంకెవరినైనా పెట్టుకో.”

“జోడీ మారిస్తే కర్రకి అలవాటవ్వదు,” అన్నాడు పోలయ్య, ఎముక అతికిన భుజాన్నే కర్ర కింద పెడుతూ. “రాయే, ఎండెక్కిపోతన్నాది.”

ఆమె వెళ్లి తన కొస కింద భుజం పెట్టింది. పాదాలు ఇసుకలో సర్దుకుంది.

“తల్లి గంగమ్మా.”

“హైలెస్సా.”

తలుపు కదిలింది. ఓరగా, సందు మాత్రం. ఆ సందులోంచి వచ్చిన బలంతో ఆమె లేచింది. అవతలి కొసన అయ్య అదే క్షణంలో లేవడం కర్ర గుండా ఆమెకు తెలిసింది. వెనక ఆరుగురిలోనూ అవే తలుపులు, అంతే ఓరగా, ఒక్కసారే తెరుచుకోవడం తెలిసింది. ఎనిమిది ఒళ్లు, ఒకటే బలం. ఆ మూడు అడుగుల్లో చూసినదానికి ఇది ఏమాత్రం తీసిపోలేదు. ఆమెకు మళ్లీ అంత ఆశ్చర్యమూ కలిగింది. అప్పుడు తను ఒక్కతే, ఇప్పుడు ఒక్కతే కాదు. పడవ నిలువునా, వాలకుండా లేచింది.

“నిదానం నాయనా,” అని పాడాడు పోలయ్య. తలుపు మూసుకుంది. వెంటనే బరువు వచ్చి భుజం మీద కూర్చుంది, ఎముకలోకి దిగింది, వెన్నులోంచి మడమల దాకా పాకింది. మడమల కింద ఇసుక అణిగింది.

“బరువేటి?” అని అడిగాడు పోలయ్య, ఆచారం ప్రకారం.

“పువ్వు,” అన్నారు ఆరుగురూ.

రత్నం ఏమీ అనలేదు. ఆమె కళ్లలోంచి నీళ్లు కారి చెంపల మీదుగా కర్ర మీద పడుతున్నాయి. ఒడ్డంతా ఆమె నోటి వంక చూస్తోంది.

“బరువయ్యా,” అంది. “శానా బరువు.”

ఆ రేవులో కర్ర కింద భుజం పెట్టి ఆ మాట అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. గంగమ్మ ఏమనుకుందో తెలియదు. పోలయ్య మాత్రం పాట మరిచిపోయి, పడవ భుజం మీద ఉండగానే, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

“హమ్మయ్య,” అన్నాడు. “నా గుంట ఇంటికొచ్చీసినాది. నడవండి.”